రేగులపాడు మహిళా కుట్ర కేంద్రం

రేగులపాడు పురపాలక సంఘం వారి ఉత్తర్వు చేతికందేసరికి మాణిక్యాంబ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. చేతులు కొంగుకి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, కవరు చింపి చదివింది. ఒకసారి చదివాక కళ్లజోడు తీసి అద్దాలు తుడిచింది. రెండోసారి చదివాక "నా తలకాయ!" అంది.

అందులో ఇలా ఉంది.

"మీ దరఖాస్తును పురస్కరించుకొని, పాత పఠన మందిరము వెనుక గదియందు 'మహిళా కుట్ర కేంద్రము' నిర్వహించుకొనుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. సదరు గదియందు ప్రతి బుధవారము ఉదయం పదకొండు గంటలు మొదలు సాయంత్రం నాలుగు గంటల వరకు సభ్యులు నిరాటంకముగా కుట్రలు చేసుకొనవచ్చును. కుట్రకు అవసరమగు యంత్రములు, సూదులు, దారములు సభ్యులే సమకూర్చుకొనవలెను. కుట్ర ముగిసిన పిమ్మట గది ఊడ్చి, తాళము వేసి వెళ్లవలెను."

తప్పెక్కడుందో మాణిక్యాంబకి చూడగానే తెలిసింది. తెలియకపోతే ఆశ్చర్యపడాలి. జిల్లా పరిషత్తు హైస్కూల్లో ముప్ఫై రెండేళ్లు తెలుగు చెప్పిన మనిషి. ఇంటికి శుభలేఖ వస్తే ముందు ఎర్రపెన్నుతో అచ్చుతప్పులు దిద్ది, ఆ తర్వాత పెళ్లికూతురెవరో చూసేది. రిటైరైన రోజు పిల్లలు చదివిచ్చిన సన్మానపత్రంలో కూడా రెండు వత్తులు సరిచేసి, అందరి ముందూ వెనక్కిచ్చింది. అలాంటావిడ స్వహస్తాలతో ముత్యాల్లాంటి అక్షరాలతో "కుట్టు కేంద్రము" అని దరఖాస్తు రాసి ఇస్తే, కార్యాలయంలో టవత్తు ఎగిరిపోయింది, కొమ్ము ఊడిపోయింది, వాటి చోట క్రావడి వచ్చి కూర్చుంది. కుట్టు కాస్తా కుట్ర అయింది.

ఇంకేదన్నా అయితే నవ్వి ఊరుకునేది. కానీ ఆ గది లేకపోతే సుందరి బొంత లేదు.

సుందరి సంగతి చెప్పాలి. మాణిక్యాంబ, జుబేదా, రూతమ్మ, సుందరి, ఈ నలుగురూ పాతికేళ్లపాటు బుధవారం బుధవారం సుందరి వసారాలో కూర్చుని కుట్టుకున్నారు. జుబేదాకి బజార్లో జాకెట్ల కొట్టుంది. ఎంబ్రాయిడరీ మిషను మీద ఆవిడ నెమలిని కుడితే పింఛంలో కళ్లు లెక్కపెట్టుకోవచ్చు. రూతమ్మ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. ఆవిడ కుట్టు మనిషి మీద వేసినా గుడ్డ మీద వేసినా గీత గీసినట్టుంటుంది. సుందరి కుట్టు మాత్రం వంకర. పాతికేళ్లు కుట్టినా వంకరే. ఏమన్నా అంటే, "మీరంతా తిన్నగా కుట్టి చస్తే ఏది ఎవరిదో ఎట్టా తెలుసుద్దే? నాది చూడగానే తెలుసుద్ది" అనేది.

నెలకోసారి నలుగురూ పాసింజరెక్కి చీరాల పోయేవాళ్లు, కట్‌పీసుల కొట్లకి. ఒక్క జాకెట్టు ముక్క కోసమని బయల్దేరి, సంచీ నిండా ముక్కలతో తిరిగొచ్చేవాళ్లు. స్టేషను బయట పకోడీల పొట్లం కట్టించుకుని రైల్లో తినేవాళ్లు. ఇంట్లో మొగుళ్లు "ఈ ముక్కలన్నీ ఏం చేసుకుంటారే?" అంటే నలుగురి దగ్గరా ఒకటే జవాబు: "ఉంటయిలే."

పోయిన అక్టోబరు పదహారున సుందరి పోయింది. పోయే ముందు ఆసుపత్రి మంచం మీద ముగ్గురి చేతులూ పట్టుకుని చెప్పింది. "నా చీరలు పంచుకోబాకండే. పంచుకుంటే బీరువాల్లో దాచి మర్చిపోతారు. ముక్కలు చేసి ఒకటే బొంత కుట్టండి. ఏడు తిరిగేలోగా అయిపోవాల. ఆ రోజు ఏడవబాకండి, ముగ్గురూ దాని మీద కూర్చుని పకోడీలు తినండి. నూనె మరకలవుతాయని చూడబాకండి. నేనేం అనుకోను."

ముప్ఫై ఒక్క చీరలు. పరిస్తే మంచాలు తీసేసినా మాణిక్యాంబ ఇంట్లో పట్టలేదు. జుబేదా ఇల్లంతా కొట్టే. రూతమ్మది మేడ మీద ఒంటిగది. సుందరి ఇల్లు ఎవరికో అద్దెకిచ్చేశారు. అందుకని దరఖాస్తు. దరఖాస్తుకి ఈ ఉత్తర్వు.

మర్నాడు పొద్దున్నే మాణిక్యాంబ పురపాలక కార్యాలయానికి వెళ్లింది.

అక్కడ కొత్తగా వచ్చిన కమిషనర్ గారు పనిని అక్షరాల ప్రకారం పంచారు. దానికి 'అక్షర క్రమ పరిపాలన' అని పేరు. "కు" అక్షరం సీనియర్ అసిస్టెంటు పానకాలరావుది. ఊళ్లో కుక్కలు, కుళాయిలు, కుంటలు, కుప్పతొట్లు అన్నీ ఆయన బల్ల మీదికే వస్తాయి. మాణిక్యాంబని చూడగానే పానకాలరావు దిగ్గున లేచి చేతులు కట్టుకున్నాడు. తొమ్మిదో తరగతిలో ఆవిడ దగ్గర తెలుగు చదువుకున్నాడు మరి.

"ఏరా పానకాలూ, ఇదేంట్రా?"

పానకాలరావు కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. "కుట్ర కేంద్రమండీ. బాగానే ఉంది గదా టీచరుగారూ."

"నేను రాసింది కుట్టు."

"అవునండీ. దరఖాస్తులో కుట్టే ఉంది. ఉత్తర్వులో కుట్ర ఉంది. కమిషనర్ గారు సంతకం పెట్టింది ఉత్తర్వు మీదండీ, దరఖాస్తు మీద కాదు."

"నీకు ద్విత్వానికీ సంయుక్తానికీ తేడా ఆ రోజూ తెలీదు, ఈ రోజూ తెలీదు. ఇటివ్వు, నేనే దిద్దుతా." మాణిక్యాంబ సంచీలోంచి ఎర్రపెన్ను తీసింది.

పానకాలరావు కాగితాన్ని గుండెలకి హత్తుకున్నాడు. "అమ్మమ్మమ్మ! సంతకమైన ఉత్తర్వు దిద్దితే నేరమండీ!"

"కుట్ర చేస్తే నేరం కాదా?"

"దానికి పర్మిషనుంది గదండీ."

మాణిక్యాంబ పెన్ను మళ్లీ సంచీలో వేసింది. పానకాలరావు కుర్చీ తుడిచి ఆవిడని కూర్చోబెట్టి, మార్గం చెప్పాడు. కుట్రను కుట్టుగా మార్చాలంటే ముందు కుట్ర కేంద్రం రద్దు కావాలి. రద్దు కావాలంటే అందులో ఇంతవరకు ఏ కుట్రా జరగలేదని ధ్రువపత్రం కావాలి. ధ్రువపత్రం కావాలంటే తనిఖీ జరగాలి. తనిఖీ జరగాలంటే కేంద్రం కనీసం ఒక త్రైమాసికం పని చేసి ఉండాలి.

"సవరణ ఫైలు ఇయ్యాలే పెడతానండీ. కాకపోతే తిరిగొచ్చేసరికి ఏడాది పట్టుద్ది. అందాకా గది వాడుకోండి." గొంతు తగ్గించాడు. "ఒక్క మాట టీచరుగారూ. గదిలో కుట్టు మాత్రం కుట్టబాకండి. ఇచ్చిన పనికి కాకుండా వేరే పనికి వాడుతున్నారని తెలిస్తే గది లాగేసుకుంటారు."

అలా మొదలైంది. బుధవారం పదకొండింటికి ముగ్గురూ గది తలుపులు తీసి, జుబేదా మిషను రిక్షాలోంచి దించి, నేల తుడిచి సుందరి చీరలు పరిచారు. బయట గోడకి పురపాలక సంఘం వాళ్లు అప్పటికే బోర్డు కొట్టి పోయారు: మహిళా కుట్ర కేంద్రము. మొదటి వారమే ఎస్సై గారు బోర్డు చూసి జీపాపి లోపలికొచ్చాడు. మాణిక్యాంబ ఉత్తర్వు చూపించింది. ఆయన శ్రద్ధగా చదివి, మడిచి, రెండు చేతులతో తిరిగిచ్చాడు.

"అన్నీ కరెక్టుగా ఉన్నయమ్మా. పర్మిషన్ లేని వాళ్లతోనే మాకు తలనొప్పి" అని సెల్యూట్ చేసి పోయాడు.

కుట్టేది చీరలే అయినా దొంగచాటుగా కుట్టాల్సి వచ్చింది. వీధిలో అడుగుల చప్పుడు వింటే రూతమ్మ సూది దాచేది. జుబేదా మిషను ఆపేది. మాణిక్యాంబ మొహం గంభీరంగా పెట్టి, తల ముందుకి వంచి, ఏదో గుసగుసలాడుతున్నట్టు పెదవులు కదిపేది. అడుగులు దాటిపోగానే మళ్లీ టకటకా మొదలు. ఎలాగైతేనేం, మూడు నెలల్లో సగం బొంత తయారైంది. చీరాలలో కొన్న ఆకుపచ్చ వాయిల్ చీర, దాని పక్కన నాలుగు స్టేషన్లు దాటాక రైల్లో గుర్తొచ్చి మళ్లీ వెనక్కిపోయి తెచ్చుకున్న మామిడిపిందెల చీర. ఏ ముక్క ముట్టుకున్నా ఒక ప్రయాణం గుర్తొస్తోంది.

జులైలో తనిఖీకి కమిషనర్ ఉగ్రనరసింహం గారు స్వయంగా వచ్చారు. పేరుకే ఉగ్రం గానీ మనిషి మెత్తన. ఆయన నోటి వెంట మాట కాగితం మీద అచ్చయినట్టే వస్తుంది. ఇంట్లో భార్యతో కూడా "భోజనము చేయడమైనది" అంటాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆయన వెనక పానకాలరావు ఫైలు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఈ త్రైమాసికమునకు మీ ప్రగతి నివేదిక అందలేదు" అని కమిషనర్ గారు ఒక కాగితం చూపించారు. అందులో గళ్లున్నాయి. తలపెట్టిన కుట్రలు. పూర్తయిన కుట్రలు. భగ్నమైన కుట్రలు. వివరములు. "ప్రతి పథకమునకు లక్ష్యము, గడువు, ఫలితము ఉండవలెనని నిర్ణయించడమైనది. మీరు ఏమి సాధించినారు?"

కమిషనర్ గారి చూపు మూలనున్న యంత్రం మీద పడింది.

"ఇది కుట్టు మిషను వలె కనబడుచున్నది."

గది పోయినట్టే అనుకుంది మాణిక్యాంబ. నేల మీద సగం బొంత, చుట్టూ కత్తిరించిన ముక్కలు, ఏం చెప్పి తప్పించుకోను? జుబేదా ముందుకొచ్చింది.

"చూడండి సార్. పైన ఈ దారముంది గదా, ఇది అందరికీ కనబడుద్ది. కింద ఈ రేకు లోపల ఇంకో దారముంది. అది ఎవరికీ కనబడదు. పైదే పని చేస్తందని అందరూ అనుకుంటారు. కింద నుంచి పట్టి లాగి ముడేసేది మాత్రం ఇది. ఇది కుట్ర కాకపోతే ఇంకేంది సార్?"

కమిషనర్ గారు వంగి, రేకు తీయించి, దారం చుట్టిన బాబిన్ని వేలితో తిప్పి చూశారు. చాలాసేపు చూశారు.

"అద్భుతము. కనబడునది ఒకటి, పని చేయునది వేరొకటి. మా కార్యాలయములో కూడా..." అంటూ ఆగి దగ్గారు. "మరి నేల మీద ఈ రంగుల విస్తారము?"

జుబేదాకి ఊపొచ్చేసింది. "అది పటం సార్. ముక్క ముక్కకీ ఓ లెక్కుంది. ఏది ఏ ఊరు, ఏ దారి, మాకు తప్ప ఎవరికీ తెలియదు."

"కుట్ర పటము!" అన్నారు కమిషనర్ గారు. "పానకాలరావు, రాసుకొనుము."

పది రోజుల్లో రేగులపాడు కేంద్రం 'ఆదర్శ కుట్ర కేంద్రము' అయింది. కమిషనర్ గారు సభ పెట్టి ముగ్గురికీ శాలువాలు కప్పారు. "కుట్రలు నేటివరకు కొద్దిమంది చేతులలోనే ఉండిపోయినవి. వాటిని సామాన్య మహిళకు అందుబాటులోకి తెచ్చిన ఘనత మన పురపాలక సంఘమునకే దక్కును" అని ప్రసంగించారు. జనం చప్పట్లు కొట్టారు. చుట్టుపక్కల ఊళ్ల కమిషనర్లు చూడ్డానికి వచ్చారు. వచ్చిన ప్రతివాళ్లూ మూడేసి శాలువాలు తెచ్చారు. ప్రతివాళ్లకీ జుబేదా బాబిన్ చూపించింది. ఎవరూ అది మిషను అనలేదు. రూతమ్మ ఇంట్లో శాలువాల మూట అటక మీద పట్టక మంచం కిందికి దిగింది.

ఆ ఆగస్టులో లైనింగు గుడ్డ కావాల్సొచ్చి ముగ్గురూ చీరాల ప్రయాణం పెట్టుకున్నారు. ఆదర్శ కేంద్రం సభ్యులు ఊరు దాటితే అది 'క్షేత్ర పర్యటన' అవుతుందట, పరిశీలకుడు వెంట ఉండాలట. కాబట్టి పానకాలరావు కూడా పాసింజరెక్కాడు, నోటుబుక్కుతో.

కొట్లో ఆసామి నాలుగో మనిషి కోసం గుమ్మం వైపు చూశాడు. సుందరి పోయిందని చెబితే, "అయ్యో, ఆ వంకరకుట్టు అమ్మగారా" అని చేతిలోని గజంబద్ద పక్కన పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీకోసం లోపల మంచి సరుకు దాచానమ్మా, బయట పెట్టలేదు" అన్నాడు. పానకాలరావు గబగబా రాసుకున్నాడు: రహస్య సరుకు.

"అస్తరు గట్టిగా లేకపోతే లోపలి పనంతా బయటపడుద్ది" అంది జుబేదా. అదీ రాసుకున్నాడు.

"ఆ ఎర్రదాన్ని లేపెయ్, తెల్లదాన్ని మూడు మీటర్లు కొయ్" అంది రూతమ్మ. పానకాలరావు ఒకసారి వీధి వైపు చూసి, అదీ రాసుకున్నాడు.

గంట గడిచేసరికి నోటుబుక్కు జేబులోకి పోయింది. "కొంచెం ఈ కొస పట్టుకోరా" అని మాణిక్యాంబ ఇచ్చిన గుడ్డ కొస పట్టుకుని నిలబడ్డాడు. మరో గంటకి, "టీచరుగారూ, ఆ నీలం కంటే ఈ నీలం బాగుందండీ" అంటున్నాడు. తిరుగు రైల్లో పకోడీలు తింటూ సుందరి సంగతంతా విన్నాడు. బొంత సంగతి, ఏడు తిరిగే గడువు సంగతి. విని ఏమీ రాసుకోలేదు.

సెప్టెంబరు మొదటి బుధవారం బొంతలో ఒక్క మూల మిగిలింది. ఆ మూల సుందరి పెళ్లిచీర అంచు వేసి కుట్టాలి. రూతమ్మ సూదిలో దారమెక్కించి మొదటి కుట్టు గుచ్చింది. అప్పుడే కమిషనర్ గారు నలుగురు మనుషులతో వచ్చారు.

"పురపాలక కార్యాలయపు ముందు హాలునందు ప్రగతి ప్రదర్శన ఏర్పాటు చేయడమైనది. కుట్ర పటమును అద్దాల బీరువాలో ఉంచవలెనని నిర్ణయించడమైనది."

"ఇది మాదండీ!" మాణిక్యాంబ బొంత మీద కూలబడింది. "మా స్నేహితురాలి చీరలు. ఇంకా ఒక మూల కుట్టాలి."

"ప్రభుత్వ గదియందు, ప్రభుత్వ అనుమతితో, ఆమోదించిన ప్రయోజనము కొరకు తయారైనది ప్రభుత్వ ఆస్తియగునమ్మా. లేవండి."

ఆవిడ లేవలేదు. రూతమ్మే భుజాలు పట్టి లేపింది. నలుగురూ బొంతని చుట్ట చుట్టి ఎత్తుకుపోయారు. గుచ్చిన సూది గుచ్చినట్టే వెళ్లిపోయింది. ఖాళీ నేల మీద దారప్పోగులు మిగిలాయి. జుబేదా గోడకి ఆనుకుని ఏడ్చింది. "నా నోరు పడిపోను! పటం అని ఎందుకు కూశానే అక్కా! సుందరికి ఏం మొహం చూపించను!"

మాణిక్యాంబ వెంటనే అర్జీ పెట్టింది. తమ బొంత తమకి ఇప్పించమని. వారంలో జవాబొచ్చింది. ఇంత త్వరగా జవాబు రావడం ఆ కార్యాలయం చరిత్రలో లేదు.

"బొంత అను వస్తువు ఏదియు ఈ కార్యాలయపు రికార్డులలో లేదు. కుట్ర పటము కలదు. లేని వస్తువును తిరిగి ఇచ్చుట సాధ్యపడదని తెలియజేయడమైనది."

ఆ బుధవారం ముగ్గురూ గదిలో ఊరికే కూర్చున్నారు. కుట్టడానికి ఏమీ లేదు. సుందరి ఏడాదికి ఇంకా నాలుగు బుధవారాలే ఉన్నాయి. రూతమ్మే ముందు నోరు తెరిచింది. ఆదివారం ప్రార్థన తప్పని మనిషి, జీవితంలో ఎవరినీ పరుషంగా ఒక మాటనని మనిషి.

"రికార్డులో బొంత లేదన్నారుగా. లేనిదాన్ని మనం తెచ్చుకుంటే వాళ్లకి పోయేదేముంది?"

మిగతా ఇద్దరూ తలెత్తారు.

"బీరువాలో పటం ఉండాల, అంతేగా. పటం కుట్టిద్దాం. మా మంచం కింద శాలువాలున్నయి."

ఆరు నెలలుగా గోడ మీద బోర్డున్న ఆ గదిలో, ఆ రోజు మొదటిసారి అసలైన కుట్ర మొదలైంది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి నిజంగానే గుసగుసలాడుకున్నారు. ఎప్పుడూ లేంది మాణిక్యాంబ లేచి తలుపు గడియ పెట్టింది. పైగా వాళ్లకి భలే సరదాగా ఉంది. మూడు బుధవారాల్లో పసుపు, ఎరుపు, ఊదా శాలువాలు ముక్కలై, జరీ అంచులతో సహా ఒక కొత్త పటంగా అతుక్కున్నాయి. అసలు దానికీ దీనికీ పోలికే లేదు. సుందరివి నేత చీరలు, మెత్తగా మాసిన రంగులు. ఇదేమో ధగధగా మెరుస్తోంది.

"కనిపెట్టేస్తారే అక్కా" అంది జుబేదా.

"పేపరు దిద్దేటప్పుడు నేనొకటి కనిపెట్టాను. సగం మంది జవాబు చదవరు, పైన పేరే చదువుతారు" అంది మాణిక్యాంబ.

అక్టోబరు పదహారు బుధవారమే పడింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ముగ్గురూ మూటతో కార్యాలయం మెట్లెక్కారు. భోజనాల వేళ. హాల్లో పానకాలరావు ఒక్కడే ఉన్నాడు. వాళ్లని చూసి, మూటని చూసి, పైకప్పు వైపు చూశాడు.

"టీచరుగారూ, నేను అన్నానికి పోతన్నానండీ. బీరువా తాళం చెవి ఈ బల్ల మీద మర్చిపోయాను."

"ఇంకా ఇక్కడే ఉన్నావుగా, మర్చిపోవడమేంట్రా?"

"బయటికి పోయాక మర్చిపోతానండీ" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

రూతమ్మ కళ్లు మూసుకుని, "ప్రభువా, ఇది దొంగతనం కాదు, మాది మేం తీసుకుంటన్నాం" అని ప్రార్థించుకుంది. జుబేదా తాళం తీసింది. సుందరి బొంత బయటికొచ్చింది, మూలన సూది గుచ్చినట్టే ఉంది. శాలువాల పటం లోపలికెళ్లింది. తాళం పడింది. మూట కట్టడం అయిందో లేదో, మెట్ల మీద బూట్ల చప్పుడు.

కమిషనర్ గారు! వెంట పక్క జిల్లా నుంచి వచ్చిన నలుగురు అధికారులు. జుబేదా రూతమ్మ చెయ్యి పట్టుకుంది.

"శుభము! సభ్యులు కూడ ఉన్నారు" అన్నారు కమిషనర్ గారు. అతిథుల్ని బీరువా ముందుకి తీసుకెళ్లారు. ముందు చీటీ చదివారు: కుట్ర పటము, రేగులపాడు. తర్వాత అద్దంలోంచి ధగధగలాడే శాలువాల వైపు చూశారు. ఒక మూల "సన్మాన" అన్న జరీ అక్షరాలు సగం కనబడుతున్నాయి.

"ఇందులో ప్రతి ముక్కకు ఒక గూఢార్థము కలదు. సామాన్యులకు బోధపడదు" అన్నారాయన. అతిథులు బోధపడినట్టు తలలూపారు. ఒకాయన కళ్లజోడు సవరించుకుని, "అసామాన్యము" అన్నాడు.

అప్పుడు కమిషనర్ గారు వెనక్కి తిరిగారు. "మీ చేతిలోని ఆ మూట ఏమిటమ్మా?"

జుబేదా ఈసారి రూతమ్మ వెనక్కి జరిగింది. రూతమ్మకి అబద్ధం రాదు. మాణిక్యాంబ కళ్లజోడు సర్దుకుంది.

"బొంతండీ" అంది.

కమిషనర్ గారు బొంత అన్న మాట కోసం మనసులోనే రికార్డులన్నీ వెతికారు. దొరకలేదు. "బొంతయా? సరే. దానిని పటమునకు దూరముగా ఉంచండి, దుమ్ము పడగలదు" అన్నారు.

దూరంగానే ఉంచారు. మెట్లు దిగి, వీధి దాటి, పాత పఠన మందిరం గదిదాకా ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. తలుపేసుకున్నాక మొదలైంది నవ్వు. జుబేదా పొట్ట పట్టుకుని నేల మీద కూర్చుంది. రూతమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది.

బొంత పరిచి, ఆగిపోయిన మూల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. సుందరి పెళ్లిచీర అంచు. దాన్ని సుందరి కుట్టినట్టే వంకరగా కుట్టాలని జుబేదా అంది. రూతమ్మ సూది పట్టుకుంది. ఎంత ప్రయత్నించినా కుట్టు తిన్నగానే వస్తోంది. ముప్ఫై ఏళ్లు తిన్నగా కుట్టిన చెయ్యి వంకర పోనంటోంది. రెండుసార్లు విప్పింది. మూడోసారి కళ్లనిండా నీళ్లు నిండి సూది కనబడక, కుట్టు దానంతటదే వంకర పోయింది.

"అదే! అచ్చం అట్టాగే!" అంది మాణిక్యాంబ. ఏడవొద్దని సుందరి చెప్పిన మాట ముగ్గురూ తప్పారు. మిగతాదంతా పాటించారు. పకోడీలు కాగితం పరవకుండా బొంత మీదే పోసుకుని తిన్నారు, ఆకుపచ్చ వాయిల్ మీద అరచేయంత నూనె మరక పడింది. ఎవరూ తుడవలేదు.

ఆ త్రైమాసికం నివేదిక మాణిక్యాంబే నింపింది. తలపెట్టిన కుట్రలు: ఒకటి. పూర్తయినవి: ఒకటి. భగ్నమైనవి: లేవు. లక్ష్యం నూటికి నూరు శాతం సాధించినందుకు కార్యాలయం మరో మూడు శాలువాలు పంపింది. వివరములు అన్న గడి ఖాళీగా ఉన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఫిబ్రవరిలో, దరఖాస్తు పెట్టిన ఏడాదికి, సవరణ ఉత్తర్వు వచ్చింది. మాణిక్యాంబ గోంగూర ఒలుస్తోంది. చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, చదివింది.

"లోగడ జారీ చేసిన ఉత్తర్వులోని అక్షర దోషమును సవరించి, సదరు కేంద్రమును ఇకపై 'మహిళా గుట్టు కేంద్రము'గా పరిగణించడమైనది."

తప్పెక్కడుందో చూడగానే తెలిసింది. టవత్తు వచ్చింది, కొమ్ము వచ్చింది, అన్నీ సక్రమంగా వచ్చాయి. కకారం పోయి గకారం వచ్చింది. అలవాటు చొప్పున చెయ్యి సంచీలోకి వెళ్లి ఎర్రపెన్ను తీసింది. మూత తీసి కాగితం మీద ఆనించబోతూ, మంచం మీద మడతపెట్టి ఉన్న బొంత వైపు చూసింది. ఈ నెల బొంత ఆవిడ ఇంట్లో ఉండే వంతు.

ముప్ఫై రెండేళ్లలో ఎన్నడూ చేయని పని చేసింది. పెన్ను మూత పెట్టేసింది.

"ఇన్నాళ్లకి సరిగ్గా రాశాడు వెధవ" అని, ఉత్తర్వు మడిచి బొంత మడతలో దాచింది.